బుడంకాయ కొండను ఆపిన పూట

లిఫ్టు మెకానిక్ ఇంట్లో లిఫ్టు ఎక్కని మనిషి ఉందంటే ఎవరికైనా నవ్వొస్తుంది. ఆ భవనంలో అందరికీ వచ్చింది. మూడో అంతస్తు దాకా చంకలో మనవరాలు, చేతిలో కూరల సంచీ, నోట్లో తాళంచెవులు పెట్టుకుని ఆయాసపడుతూ మెట్లెక్కే ఆవిడ ఎవరయ్యా అంటే లిఫ్టు మెకానిక్ అత్తగారు. పక్కనే అద్దంలా మెరిసే లిఫ్టు. అల్లుడు నెలనెలా స్వయంగా నూనె పెట్టి, తుడిచి, చెవి ఆనించి విని మరీ చూసుకునే లిఫ్టు. ఆవిడ దానివైపు కన్నెత్తి కూడా చూడదు.

"ఎందుకత్తయ్యా మీకీ అవస్థ?" అని అడిగితే, "కాళ్ళకి పనుండాలి బాబూ" అని తేల్చేసేది.

మెకానిక్‌కి ఇది ముల్లులా గుచ్చుకునేది. ఊళ్ళో సగంమంది తన చేతి చలవ వల్లే ఏ భయం లేకుండా పైకీ కిందికీ తిరుగుతున్నారు. ఆస్పత్రుల్లో రోగుల్ని మంచాలతో సహా ఎక్కిస్తున్నారు. సొంత అత్తగారు మాత్రం నమ్మదు! "అమ్మకి భయమండీ, మీమీద కోపం కాదు" అని భార్య ఎంత చెప్పినా ఆయనకు ఎక్కలేదు. "భయమంటే ఏంటే? నా పనిమీద నమ్మకం లేదనేగా!" అని గొణుక్కునేవాడు. రెండున్నరేళ్ళ నుంచీ అదే గొణుగుడు.

మనవరాలు పుట్టేముందు వచ్చిన మనిషి, ఇక వెనక్కి వెళ్ళలేదు. అమ్మాయి కళ్ళజోళ్ళ షాపుకీ అల్లుడు లిఫ్టుల పనికీ పోతే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ పిల్ల పిడుగుని పట్టుకునేది ఆవిడే. పిల్ల పేరు ఏదైతేనేం, ఇంటా బయటా అందరికీ బుడంకాయే. గుండ్రంగా ఉంటుంది, చేతికి చిక్కదు.

ఆవిడకి ఉన్నది ఒకటే కోరిక. మంచుని చేత్తో ముట్టుకోవాలి. క్యాలెండర్లలో చూడ్డమే తప్ప అరవై రెండేళ్ళలో ఎన్నడూ ఎరగదు. ఆరేళ్ళ తర్వాత మొదటిసారి నాలుగు రోజుల సెలవు దొరికేసరికి, "పదండి, అత్తయ్యకి మంచు చూపిద్దాం" అన్నాడు మెకానిక్. ఎంత మంచి అల్లుడో అని భార్య మురిసిపోయింది. మంచివాడే, కాదనను. కానీ ఏరికోరి ఆ కొండనే పట్టుకోవడంలో ఓ కిటుకుంది. అక్కడ బండ్ల దారి సగం కొండ దాకే. మంచున్న చోటికి పోవాలంటే వైరు మీద వేలాడే రోప్‌వే డబ్బా ఎక్కాల్సిందే. మెట్లు లేవు, కాలిబాట లేదు. అత్తగారు ఒక్కసారి అది ఎక్కి నవ్వుతూ దిగిందా, ఇంటికెళ్ళాక లిఫ్టెంత! భయపడి దిగిందా, ఇక ఈ జన్మకి ఎక్కదు. ఆ సంగతి ఆయనకి తెలుసు, తెలిసే పందెం కాశాడు.

భార్య ఒక్క షరతు పెట్టింది. "ఈ నాలుగు రోజులూ మీరు మెకానిక్ కాదు. ఎక్కడా ఏ మిషనూ ముట్టుకోకూడదు, ఏ మరా బాగోలేదని చెప్పకూడదు." సంచీ వెతికి, మేజోడులో దాచిన స్క్రూడ్రైవరు లాగి బల్లమీద పెట్టింది. 

ఒక రాత్రంతా రైలు, తెల్లారాక జీపు. ఆ జీపులో సంబరం చూడాలి! మలుపు వచ్చినప్పుడల్లా బుడంకాయ "మళ్ళీ!" అని అరవడం, అమ్మమ్మ దానికంటే గట్టిగా "అదిగో, ఇంకోటి!" అని కిటికీలోంచి తల బయటపెట్టడం. ఇరవై ఏడు మలుపులు. జీవితమంతా పైకీ కిందికీ పోవడమే తప్ప కుడికీ ఎడమకీ తిరగడం అలవాటు లేని మెకానిక్ ముఖం పాలిపోయి, నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చున్నాడు. తల్లీకూతుళ్ళు ఒకరి భుజం మీద ఒకరు వాలి పడీ పడీ నవ్వారు.

మర్నాడు పొద్దున్నే, అందరూ లేచేసరికి అత్తగారు తయారు. రెండు స్వెట్టర్లు, మూడు జతల మేజోళ్ళు, తలకి ఆకుపచ్చ శాలువా. మంచం అంచున కూర్చుని కిటికీలోంచి తెల్లటి శిఖరాన్ని చూస్తోంది. మెకానిక్ ఎదురుగా స్టూలు వేసుక్కూర్చుని, రాత్రంతా తయారు చేసుకున్న ఉపన్యాసం మొదలుపెట్టాడు. వైరు ఎంత లావో, ఎన్ని ఏనుగుల బరువు మోస్తుందో, ఒక బ్రేకు పోతే ఇంకోటి ఎలా పట్టుకుంటుందో. "నేను పక్కనే ఉంటాను. మీ చెయ్యి వదలను. సరేనా?"

"సరే బాబూ, పద" అందావిడ.

అంతే. ఒక్క ప్రశ్న లేదు. మెకానిక్ తెల్లబోయాడు. తర్వాత తన ఉపన్యాసం మహిమే అనుకుని ఛాతీ విరుచుకున్నాడు.

ఇక్కడ బుడంకాయ ఆట గురించి చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. ఆ పిల్లకి ఏడాది నిండిన రోజున, పాత సామాన్లలోకి పోయిన ఒక లిఫ్టు ప్యానెల్‌ని వాళ్ళ నాన్న తెచ్చి శుభ్రం చేసి, దాని ఎత్తుకి అందేలా హాలు గోడకి బిగించాడు. అందులో పుట్టగొడుగులా ఒక పెద్ద ఎర్ర బటన్. అది ఆపద బటన్. దానికో ఆట కనిపెట్టాడు మహానుభావుడు. బుడంకాయ ఎర్ర బటన్ గుద్దగానే ఇంట్లో వాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోవాలి. మళ్ళీ అది బటన్‌ని తిప్పి వదిలేదాకా కదలకూడదు. తల్లి గరిటె ఎత్తి అలాగే, తండ్రి నోట్లో బ్రష్షుతో అలాగే, అమ్మమ్మ సగం మడిచిన దుప్పటితో అలాగే. ఒకసారి పొయ్యిమీద పాలు పొంగి పోతున్నా ముగ్గురూ కదల్లేదు. పిల్ల కిలకిలా నవ్వుతుంటే ఇంక ఎవరికి మనసొప్పుతుంది చెప్పండి? "లోకంలో అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది ఆపడమే" అని గొప్పలు పోయేవాడు తండ్రి. లోకంలో ఏ తండ్రీ చేయని పొరపాటు ఇది. లిఫ్టు మెకానిక్ ఒక్కడే చేయగలడు.

రోప్‌వే స్టేషన్‌లో పొద్దున్నే జనం బాగానే ఉన్నారు. డబ్బాలు వైరుకి వేలాడుతూ వరసగా లోపలికి వచ్చి, మెల్లగా పాకుతూ పోతుంటాయి. తలుపు తెరుచుకున్నంతసేపట్లో ఎక్కెయ్యాలి. ఆగవు. ఎర్ర ఊలు టోపీ, మెడలో ఈల వేసుకున్న ఆపరేటరమ్మ అద్దాల గదిలోంచి అందర్నీ అదిలిస్తోంది. "త్వరగా, త్వరగా! ఫొటోలు పైన తీసుకోండి!"

మెకానిక్ కళ్ళు ఊరుకుంటాయా? చక్రాలు చూశాడు, వైరు చూశాడు, చప్పుడు విన్నాడు. అన్నీ బాగున్నాయి. ఒక్కటే కంట్లో నలుసులా తగిలింది. స్తంభానికి మోకాలెత్తులో, జారిపడ్డవాడికి కూడా అందేలా, ఒక ఎర్ర బటన్ ఉంది. దానిమీద ఉండాల్సిన ప్లాస్టిక్ మూత తెరిచి ఉంది. పొద్దున పరీక్షించి మూయడం మరిచినట్టున్నారు. చెబుదామని నోరు తెరిచాడు. భార్య ఉరిమి చూసింది. నోరు మూసుకున్నాడు.

వాళ్ళ వంతు వచ్చింది. "ఎక్కండత్తయ్యా!" అత్తగారు అల్లుడి చెయ్యి పట్టుకుని, పెదాలు బిగించి, లోపల కాలు పెట్టి కూర్చుంది. ఆయనా పక్కన కూర్చున్నాడు. ఆవిడ వేళ్ళు చల్లగా ఉన్నాయి, కానీ వణకడం లేదు. మెకానిక్ గుండె ఉప్పొంగిపోయింది. ఎక్కింది! మా అత్తగారు ఎక్కింది!

సరిగ్గా అప్పుడు, ఎక్కబోతున్న తల్లి చంకలోంచి బుడంకాయ జారింది.

"ఎర్రది!" అని ఒక్క కేక వేసి, ఆ గుండ్రటి కాళ్ళతో పరుగో పరుగు.

"పట్టుకోండీ!" అని తల్లి వెనకాల పరిగెత్తింది. మెకానిక్ ఏం ఆలోచించాడో ఆయనకే తెలీదు. చెయ్యి విడిపించుకుని ఒక్క గెంతులో ప్లాట్‌ఫారం మీద పడ్డాడు. వెనకాల తలుపు మూసుకుంది. లోపల అత్తగారు ఒక్కతే. డబ్బా స్టేషన్ చూరు దాటి గాల్లోకి జారుకుంది.

బుడంకాయ రెండు చేతులూ ఎత్తి ఎర్ర బటన్‌ని దబ్బున గుద్దింది.

హోరు ఆగిపోయింది. చక్రాలు ఆగిపోయాయి. వైరు ఒక్కసారి పైకీ కిందికీ ఊగి నిలిచిపోయింది. డబ్బాలన్నీ ఎక్కడివక్కడ వేలాడుతూ ఉండిపోయాయి. ఇక్కడ ఇంకో చోద్యం జరిగింది. తల్లి ఒక కాలు ముందుకేసి, చెయ్యి చాచి అలాగే నిలబడిపోయింది. తండ్రి నోరు తెరిచి, వంగి, అలాగే బిగుసుకుపోయాడు. ఏడాదిన్నర అలవాటు మరి! అద్దాల గదిలోంచి ఊడిపడ్డ ఆపరేటరమ్మకి కనిపించింది ఇదీ: ఇద్దరు పెద్దమనుషులు శిలల్లా నిలబడి ఉన్నారు, మధ్యలో ఓ బుడతది చప్పట్లు కొడుతూ గెంతుతోంది. ఇంట్లో అయితే ముగ్గురే ఆగుతారు. ఇవాళ కొండకి కొండే ఆగింది!

"మీకేమైనా పిచ్చా?" అని ఆవిడ అరిచాక గానీ ఇద్దరికీ స్పృహ రాలేదు.

మెకానిక్ బయటికి చూశాడు. స్టేషన్‌కి కూతవేటు దూరంలో, లోయ మీద, ఆ డబ్బా కొద్దికొద్దిగా ఊగుతోంది. అద్దంలోంచి ఆకుపచ్చ శాలువా కనిపిస్తోంది. చెయ్యి వదలనని చెప్పి గంట కాలేదు. రెండున్నరేళ్ళు బతిమాలి ఎక్కిస్తే, ఎక్కిన నిమిషంలో ఒంటరిగా గాల్లో వదిలేసి దూకేశాడు. ఇక ఆవిడ లిఫ్టు మాట దేవుడెరుగు, తన ముఖం కూడా చూడదు.

"ఆ బటన్ తిప్పి వదిలితే చాలు కదండీ, నేను..." అంటూ స్తంభం వైపు కదిలాడు.

"ముట్టుకుంటే చేతులు విరుస్తాను!" అంది ఆపరేటరమ్మ. "పై స్టేషన్ వాళ్ళు చూసి చెప్పాలి, నేను లైను చూడాలి. పావుగంట పడుతుంది."

"నాకు తెలుసండీ, నేనూ లిఫ్టు మెకానిక్‌నే."

"అయితే మరీ దూరంగా ఉండండి. ఆ డబ్బాలో ఒక్కతే ఉన్నావిడ మీ మనిషేనా? రండి, ఈ మైకులో ధైర్యం చెప్పండి. అన్ని డబ్బాల్లోనూ వినిపిస్తుంది, చూసి మాట్లాడండి."

ఆయనకి ఆ చివరి మాట చెవికెక్కితేగా! మైకు రెండు చేతులా పట్టుకుని, "అత్తయ్యా! నేనే! భయపడకండి! తలుపు పక్కన పచ్చ మీట ఉంటుంది, అది నొక్కి మాట్లాడండి!" అని గావుకేక పెట్టాడు.

స్పీకరు గరగరలాడింది. "నాకు భయం లేదు బాబూ, మా ఆవిడే కళ్ళు మూసుకుంది" అంది ఎవరిదో మగగొంతు.

"మీరు కాదండీ! మా అత్తయ్య! ఆకుపచ్చ శాలువా అత్తయ్య!"

మళ్ళీ గరగర. ఈసారి ఆవిడే. "బాబూ! బుడంకాయ దొరికిందా?"

"దొరికిందత్తయ్యా."

"పడిందా? దెబ్బ తగిలిందా?"

"లేదు. నవ్వుతోంది."

"హమ్మయ్య! దాని చెవులకి టోపీ సరిగ్గా లాగమను అమ్మాయిని."

మెకానిక్ ఇక దాచి లాభం లేదనుకున్నాడు. "అత్తయ్యా, తప్పు నాదే. దీన్ని ఆపింది మన పిల్లే. ఎర్ర బటన్ గుద్దేసింది. నేర్పింది నేను. మిమ్మల్ని వదిలేసి దూకింది కూడా నేనే."

భార్య వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది. స్పీకరులోంచి, పొట్ట పట్టుకుని నవ్వుతున్నట్టు, పెద్ద నవ్వు. "అయితే నేనిప్పుడు కదలకూడదన్నమాట!"

మిగతా డబ్బాల్లోంచి కూడా నవ్వులు. ఎవరో పిల్లాడు "మేమూ కదలం!" అని అరిచాడు. ఆపరేటరమ్మ పై స్టేషన్‌తో ఫోన్లో మాట్లాడుతూనే టోపీ వెనక్కి తోసుకుని, నవ్వు ఆపుకోడానికి పెదవి కొరుక్కుంది.

"బాబూ!" అత్తగారి గొంతు ఉన్నట్టుండి మారిపోయింది. "బాబూ, ఏదో రాలుతోంది. తెల్లగా, మెల్లగా. పత్తి పింజలా... ఇదేంటి?"

భార్య ప్లాట్‌ఫారం అంచుకి పరిగెత్తి తలెత్తి చూసింది. "మంచు! ఏమండీ, మంచు పడుతోంది!"

"మంచే అత్తయ్యా! కిటికీ పైన చిన్న అద్దం ఉంటుంది, పక్కకి జరపండి! చెయ్యి పెట్టండి!"

దూరంగా ఆ డబ్బా పైభాగంలోంచి ఒక చెయ్యి, మణికట్టు దాకా, బయటికి వచ్చింది. అరచెయ్యి ఆకాశం వైపు తెరుచుకుంది. "పడింది! అయ్యో, కరిగిపోయింది! ఇదిగో, ఇంకోటి! ఓరి దేవుడా, ఎంత చల్లగా ఉందో! అమ్మాయీ, చూశావుటే? నా చేతిలో పడిందే!" మీట మీద నొక్కిన వేలు తీయలేదేమో, ఆ కేరింతలన్నీ కొండంతా వినిపించాయి. వైరు పొడవునా ఒక్కొక్క డబ్బాలోంచీ ఒక్కొక్క చెయ్యి బయటికి వచ్చింది. ఇందాక కళ్ళు మూసుకున్నావిడ కూడా చెయ్యి పెట్టిందని వాళ్ళాయన చెప్పాడు. బుడంకాయ నాలుక చాపి మంచు కోసం గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. తల్లి దాన్ని ఎత్తుకుని తనూ తిరిగింది.

మెకానిక్ మాత్రం మైకు పట్టుకుని నిలబడిపోయాడు. సంతోషమే, కానీ అంతుపట్టడం లేదు. "అత్తయ్యా, మీకు నిజంగా భయం వెయ్యట్లేదా?"

"దేనికి?"

"మూడంతస్తుల లిఫ్టు ఎక్కరు కదా మీరు! ఇప్పుడు లోయ మీద వేలాడుతున్నారు, అదీ ఒక్కరే!"

"లిఫ్టు సంగతి వేరు" అందావిడ. ఇంతసేపూ చిందులేసిన గొంతు కాస్త తగ్గింది. "నేను వచ్చిన కొత్తలో, కింద మన లిఫ్టు బాగుచేస్తున్నావని నీకు అన్నం క్యారియరు పట్టుకొచ్చాను, గుర్తుందా?"

గుర్తుంది. క్యారియరు మెట్ల దగ్గర పెట్టేసి, పలకరించకుండా వెళ్ళిపోయింది. తన నూనె మరకలు చూసి ఏవగించుకుందేమో అనుకున్నాడప్పుడు.

"తలుపులు తెరిచి ఉన్నాయి. వంగి చూశాను. లిఫ్టు కింద గోతిలో నువ్వు పడుకుని ఉన్నావు. నీ ముఖానికి జానెడు ఎత్తులో ఆ ఇనప పెట్టె. నాకు కళ్ళు తిరిగాయి నాయనా. ఆ రోజునుంచి మీట నొక్కబోతే చెయ్యి రాదు. నేను నొక్కితే అది నీమీదకి దిగుతుందేమోనని. పొద్దున పోయినవాడివి ఏ గోతిలో ఉంటావో నాకేం తెలుసు?"

"కరెంటు తీసేసి, తాళం వేసుకునే దిగుతానత్తయ్యా. ఎవరు నొక్కినా కదలదు" అన్నాడు మెకానిక్.

"తెలుసులే. బుర్రకి తెలుసు, చేతికే తెలీదు. నీతో చెబితే పనిలో నీకు బెరుకు పుడుతుందని ఊరుకున్నాను. ఇందాక దీన్ని ఎక్కేముందు చూసుకున్నాను బాబూ. దీని కింద ఎవరూ లేరు. ఇంకెందుకు భయం?"

రెండున్నరేళ్ళు! చంకలో పిల్లతో, ఆయాసంతో, రోజుకి మూడు నాలుగుసార్లు ఆ మెట్లన్నీ తనకోసం ఎక్కిందా ఈ మనిషి! తనేమో నమ్మకం లేదని మూతి ముడుచుకుని తిరిగాడు. మెకానిక్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. భార్య ఆయన భుజానికి తల ఆనించి, "నాకూ చెప్పలేదండీ" అంది.

ఆపరేటరమ్మ గొంతు సవరించుకుంది. "పైవాళ్ళు సరేనన్నారు. లైను బాగుంది. నడిపించనా?"

"ఒక్క నిమిషమండీ" అన్నాడు మెకానిక్.

మైకు ఆవిడకి ఇచ్చి ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచాడు. రెయిలింగు దగ్గర తడి నేలమీద మోకాళ్ళు ఆనించి కూర్చుని వైరు కిందంతా, ఈ కొసనుంచి కనిపించినంత దూరం చూశాడు. రాళ్ళు, గడ్డి, అప్పుడప్పుడే తెల్లబడుతున్న పొదలు. ఎవరూ ఉండరని తెలుసు. అయినా మళ్ళీ మొదటినుంచి నిదానంగా చూశాడు. అప్పుడు లేచి వచ్చి మైకు అందుకున్నాడు.

"అత్తయ్యా, కింద చూశాను. ఎవరూ లేరు."

"సరిగ్గా చూశావా?"

"రెండుసార్లు చూశాను."

"అయితే పోనివ్వమను" అందావిడ.